వెనక్కి చూసే చిలక

మా పెద్ద తోడికోడలు పోయింది. పొద్దున్నే ఎమ్మిగనూరు నుంచి వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి, "చిన్నమ్మా, అమ్మ లేయలేదు" అని ఏడ్చింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఇక్కడ ఆదోనిలో నా మిషను మీద ఒక పెళ్లికూతురి జాకెట్ నడుస్తోంది. దాన్ని సగంలో ఆపి బస్టాండుకు ఆటో ఎక్కాను. ఆటోలో నాకు మొదట వచ్చిన ఆలోచన, పోవడంలో కూడా ఈమెకే సుఖం దొరికిందని. వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మీరేమైనా అనుకోండి.

మా అత్తగారిది మగ్గాల ఇల్లు. నేను చిన్న కోడలిగా అడుగుపెట్టేసరికే పెద్ద కోడలికి జాకెట్ల మీద ఎంబ్రాయిడరీ కుట్టే పనిలో ఊరంతా పేరుంది. నేనూ అదే పని నేర్చుకున్నాను. ఇంకేదైనా నేర్చుకుని ఉంటే నా బతుకు కొంచెం ప్రశాంతంగా ఉండేది. మా అత్త నేను చేసిన జొన్నరొట్టె తింటూ, "పెద్దది తడితే ఇంకా పల్చగొస్తాది" అనేది. మా ఆయనకు పత్తి మిల్లులో పని దొరికి ఆదోనికి కాపురం మారినప్పుడు, ఆ మాట ఇక వినక్కర్లేదని నేను సంతోషించాను. ఆదోనిలో నా మొదటి గిరాకీ గుమ్మంలోకి వచ్చి అడిగిన మాట, "ఎమ్మిగనూరామె మీకేమైతాదమ్మా?"

ఆమె జడ చూసినా నాకు కడుపుమంటే. నడుము దిగి ఊగేది. వంగి పని చేసేటప్పుడు భుజం మీదికి జారితే చటుక్కున వెనక్కి విసిరేది. "ముందుకొస్తే దారంలో పడతాదమ్మే" అనేది. ఇంట్లోనైనా పెళ్లిలోనైనా ఆ జడ వీపు మీదే ఉండాలి. నాది జానెడు జడ కాబట్టి నాకు ఆ ఇబ్బంది లేదు.

అన్నిటికంటే నన్ను కాల్చింది ఆమె చిలక. కొమ్మ మీద కూర్చుని మెడ వెనక్కి తిప్పి చూస్తుంది. కాగితం మీద తనే గీసుకుంది. మిగతా డిజైన్లు ఏది అడిగినా ఇచ్చేది. చిలకను అడిగితే మాత్రం, "అది నాదిలేమ్మే" అని నవ్వేది. ఆమెకూ నా మీద అంత భయం ఉందని నాకు లోపల కొంచెం తృప్తిగా ఉండేది.

మా పనివాళ్లం పెళ్లిళ్లకు పోయేది భోజనానికి కాదు, వీపులు చూడడానికి. ఎవరి జాకెట్ వెనక పని బాగుంటే దాన్ని ఫోన్లో పట్టుకుంటాం. అందరూ తీస్తారు. కాకపోతే నేను ఎక్కడికి పోయినా ఒక్క వీపు వెనకే తిరిగాను. ఆ ఫోటోలు ఇస్తే ఆదోనిలో ఒకతను కంప్యూటర్లో కుట్టు కుట్టుగా గీసి, మిషను చదివే ఫైలుగా చేసిస్తాడు. అట్లా పోగైన ఫైళ్లే నా ఆస్తి. చిలక కూడా అట్లాగే నా పెన్‌డ్రైవ్‌లోకి వచ్చి చేరింది.

పెద్ద మిషను కొనాలనుకున్నప్పుడు ఈ ఫైళ్ల బెంగే పట్టుకుంది. మిషన్లన్నీ ఒకే రకం ఫైలు చదవవు. తప్పు మిషను ఇంటికి తెచ్చుకుంటే ఇన్నేళ్ల ఫైళ్లూ పనికిరాకుండా పోతాయి, నేను మళ్లీ మొదటికొస్తాను. మా ఆయన, "వదినను తోడు తీస్కపో, ఆమెకు తెలుస్తాది" అన్నాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు. అయినా ఫోన్ చేసి పిలిచాను, ఎందుకంటే నిజంగానే ఆమెకు తెలుసు.

ఆదోనిలో షాపతను మొదటి మిషను మీద చెయ్యి వేసి, "ఏ ఫైలైనా సదువుతాదమ్మా" అన్నాడు.

"నువ్వు సెప్తే సాలదప్పా, అది సదవల్ల. కోడలికి వంటొస్తాదా అని వాళ్లమ్మను అడుగుతారా? పొయ్యి కాడ నిలబెట్టి సూస్తారు గానీ" అంది ఆమె. నా వైపు తిరిగి, "మిషను కొని ఫైళ్లు ఎతుక్కోకమ్మే. ఫైళ్లు పట్టుకోనొచ్చి మిషను ఎతుక్కో. నీ పెన్‌డ్రైవ్ ఇయ్యి" అంది.

ఇచ్చేశాను. అతను పెట్టి చూస్తే మిషను తెర మీద ఒక్క ఫైలూ కనబడలేదు. "కంప్యూటర్లో మార్చిస్తే సరిపోతుందమ్మా" అని, తన చేతికి అందిన ఫైలేదో మార్చి కుట్టు మొదలుపెట్టాడు. కొమ్మ వచ్చింది. కొమ్మ మీద కాళ్లు వచ్చాయి. అతని చేతికి అందింది చిలక ఫైలే. ఫైలు మార్చడంలో రంగులు తారుమారై, ఒళ్లు ఎర్రగా, ముక్కు పచ్చగా ఉన్న పక్షి బట్ట మీదికి వచ్చింది.

"ఇది యా దేశం సిలకప్పా? మా ఎమ్మిగనూర్లో పచ్చగుంటాది" అంది ఆమె.

రంగు మారింది కదా, పోల్చుకోలేదేమోనని నేను ఊపిరి పీల్చుకున్నాను. అంతలో షాపతను అదే పెన్‌డ్రైవ్‌ను రెండో మిషనుకు పెట్టాడు. అది ఏమీ మార్చనక్కర లేకుండా ఫైళ్లన్నీ చూపించింది. ఈసారి చిలక పచ్చగా, ముక్కు ఎర్రగా, మెడ వెనక్కి తిప్పి, ఉన్నది ఉన్నట్టు వచ్చింది. షాపులో నిలబడి మా ఇద్దరినీ చూస్తోంది.

ఆమె బట్టను వెలుతురులో పట్టుకుని, వెనక దారం ముడులు తడిమి, "ముక్కు కొంచెం లావైంది. మిషను మంచిది, తీస్కో" అంది. అంతే. తర్వాత హోటల్లో ఉగ్గాని, బజ్జి తిన్నాం. నేను ప్లేటు పక్కకు జరిపాను. నా బజ్జి కూడా ఆమే తినింది. ఆ మిషనే ఇప్పటికీ నాకు అన్నం పెడుతోంది.

ఎమ్మిగనూరులో దిగేసరికి వీధి నిండా ఆడవాళ్లు. చాలామంది ఒంటి మీద ఆమె కుట్టిన జాకెట్లే. నేను పోయిన రోజు ఇందులో సగం మందైనా వస్తారా అని అక్కడ నిలబడి ఆలోచించాను. తర్వాత ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, ఆపలేనంతగా ఏడ్చాను.

సాయంత్రం మా బావ, "ఫ్రేము కట్టియ్యల్ల, మంచి ఫోటో యాడన్నా ఉందేమో సూడండి" అన్నాడు. ఆమెకు ఫోటో తీయించుకునే అలవాటు లేదు.

"చిన్నమ్మ ఫోన్లో ఉంటాయి నాయినా. ప్రతి పెండ్లిలో అమ్మ ఎనకాలే తిరుగుతాండె కదా" అంటూ వాళ్ల అమ్మాయి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

ఒకటి చూసింది, ఇంకోటి చూసింది. అన్నీ వీపులే. ఒక్కదాంట్లో కూడా ముఖం లేదు. నేను తల వంచుకుని కూర్చున్నాను.

"ఇవి తీసేది అమ్మకు తెలుసునా చిన్నమ్మా?"

"తెలీదు."

ఆ పిల్ల ఫోన్‌ను నా ముందు పెట్టింది. "మరి జడ యాడుంది?"

చూశాను. పెళ్లి మారింది, చీర మారింది, జాకెట్ మారింది. ఏ ఫోటోలోనూ వీపు మీద జడ లేదు. చివరికి చిలక ఫోటో వచ్చింది. చిలక మెడ తిప్పి నన్నే చూస్తోంది. ఆమె తల తిప్పలేదు. అంత పొడుగు జడనూ, పూలతో సహా, భుజం మీదుగా ముందుకు వేసుకుని, నేను తీయడం అయ్యేదాకా కదలకుండా నిలబడి ఉంది.