మధ్యలో 'ఎందుకంటే'

పదో తరగతి సైన్సులో నన్ను ఏడిపించినవి అసర్షన్-రీజన్ ప్రశ్నలే. ముందు ఒక మాట చెబుతారు, దాని కింద ఒక కారణం చెబుతారు. రెండూ నిజమై, కారణం సరిగ్గా అతికితే ఏ. రెండూ నిజమే గానీ దానికి ఇది కారణం కాకపోతే బీ. మాట నిజం, కారణం తప్పయితే సీ. మాట తప్పు, కారణం నిజమైతే డీ. క్లాసులో ఫస్టు వచ్చేవాళ్ళు కూడా ఏకీ బీకీ మధ్య బోల్తా పడేవాళ్ళు.

బాగేపల్లి హైస్కూల్లో మా సైన్సు మేడం ఒక చిట్కా చెప్పారు. రెండు వాక్యాల మధ్య 'ఎందుకంటే' పెట్టి పైకి చదవాలి. గొంతులో ముల్లులా అడ్డం పడితే బీ. చిప్స్ ప్యాకెట్లో నైట్రోజన్ నింపుతారు, ఎందుకంటే గాలిలో ఎక్కువ భాగం నైట్రోజనే. రెండూ నిజాలే. కానీ నింపేది చిప్స్ పాడవకుండా కదా, అందుకని బీ.

ఆ చిట్కా నాకు పిచ్చిలా పట్టుకుంది. మా ఇల్లు గూళూరు దగ్గర, తోటలో. పొద్దున్నే నాయన మోపెడ్ మీద పాలక్యాన్లు పెట్టుకుని ఊర్లో డైరీకి వెళ్ళేవాడు. వెనక నేను, ఒక చేత్తో క్యాను, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకుని. గుంతల్లో ఎగురుతూ నేను ప్రశ్న చదివితే ముందు నుంచి నాయన "బీ" అని అరిచేవాడు. ఆయన ఏడో తరగతితోనే బడి మానేశాడు, సైన్సు ఏమీ తెలియదు. అయినా డైరీ వచ్చేదాకా వాదం వదిలేవాడు కాదు. ఒకరోజు ఎదురు ప్రశ్న వేశాడు.

"ఆడలేక మద్దెల ఓడు అంటారే, దానికేం జవాబు?"

సీ అన్నాను. ఆడలేకపోవడం నిజం, మద్దెల ఓటిదనడం అబద్ధం. నాయన బండి వంకర పోయేంతగా నవ్వాడు. ఆ రోజుల్లో నాకు అంతకన్నా ఇష్టమైన పని లేదు.

ఇంట్లో అమ్మనీ వదల్లేదు. "కరెంటు పోయిండె, సారులో ఉప్పు ఎక్కువ పడె" అంటే "బీ" అనేదాన్ని. అమ్మ గరిటె చూపించేది.

మార్కులు బాగానే వచ్చాయి. చిక్కబళ్ళాపురంలో హాస్టల్లో ఉండి పీయూసీ సైన్సు చదవాలని నా ఆశ. నాయన వద్దన్నాడు.

"బాగేపల్లిలోనే చేరు పాపా. చిక్కబళ్ళాపురం బస్సులో నిలబడేదానికి కూడా జాగా ఉండదు."

"హాస్టల్లో ఉండేదానికి దినామూ బస్సు ఎందుకు నాయనా? బీ."

"హాస్టల్లో అన్నం బాగుండదంట."

"అదీ బీనే."

ఆ వారమంతా నాయన కారణాలు తెస్తూనే ఉన్నాడు, నేను బీ కొడుతూనే ఉన్నాను. దోమలన్నాడు, ఎండలన్నాడు. అన్నీ నిజాలే, ఒక్కటీ అతకదు. అప్లికేషన్ ఇవ్వడానికి ఆఖరు రోజు రానే వచ్చింది. ఆ పొద్దున నేను పుస్తకం లేకుండానే మోపెడ్ ఎక్కాను. డైరీ దగ్గర క్యాన్లు దించుతూ నాయనే మాట్లాడాడు.

"క్యాను ఎవరైనా పట్టుకుంటారు. నాతో వాదం వేసుకునేదానికి ఎవరుండారు? దారి పొడుగునా ఒక్కణ్ణే రావల్ల."

నేను మనసులోనే చదువుకున్నాను. పోవద్దు, ఎందుకంటే దారి పొడుగునా ఒక్కడే రావాలి. ఎక్కడా అడ్డం పడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏ, నాయనా. బాగేపల్లిలోనే చేరతాలే."

నాయన ఖాళీ క్యాన్ మూత బిగించాడు. బిగిసిన మూతనే మళ్ళీ బిగించాడు.

"కాదు పాపా, డీ. కారణం నిజమే. పోవద్దంటి చూడు, ఆ మాటే తప్పు."

క్యాన్లు డైరీలోనే వదిలేసి, బండిని బాగేపల్లి బస్టాండుకి తిప్పాడు. చిక్కబళ్ళాపురం దాకా ఇద్దరం వాదించుకుంటూనే వెళ్ళాం. బస్సులో నిజంగానే నిలబడేదానికి కూడా జాగా లేదు.