అద్దాల బీరువాలో పీరు

మొన్న పీర్ల పండుగ రోజుల్లో ఎల్లారెడ్డిలో ఒక సందు వెంట నడుస్తుంటే ఊదు పొగ గుప్పున ముక్కుకు తగిలింది. కాళ్లు అక్కడే ఆగిపోయాయి. పొగలోంచి నాకు కామారెడ్డి రైల్వే స్టేషను దగ్గరి ఒక పెంకుటింటి ముందుగది కనబడింది. చుట్టూ అద్దాల బీరువాలు, మధ్యలో పీట వేసుకుని ఒక్కడే టీ తాగుతున్న విఠల్ సారు.

సారును మీరెవరూ ఎరగరు కాబట్టి ముందే చెబుతున్నాను. ఎనభైల్లో ఆ గదే కామారెడ్డికి మ్యూజియం. దాన్ని నడిపింది నేనే. ఢిల్లీ నుంచి పెద్ద ఆఫీసరు దిగితే, ఆయన మొహం మీదే "మీ కోసం పీరు లేవడు" అన్న మొనగాణ్ణి కూడా నేనే.

సారుది మద్నూర్. డ్రాయింగు మాస్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో మాట్లాడే భాష మరాఠీ, కానీ ఇంట్లో మాట్లాడటానికి మనిషి లేదు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఇల్లు బోసిపోయిందనో ఏమో, పరాయి మనుషుల వస్తువులు తెచ్చి నింపుకున్నాడు. తండా నుంచి అద్దాల రవికె, బుడగ జంగాలు కథకు వాయించే గుమ్మెట, మహారాష్ట్ర అంచు నుంచి గొల్లల గొంగడి. ఒక్కటీ ఆయన ఇంటిది కాదు. దుమ్ము దులపడానికి, తలుపు తీయడానికి నన్ను పెట్టుకున్నాడు. తలుపు తీసేవాణ్ణి గానీ వచ్చేవాళ్లు ఏరి? రైలు తప్పినవాళ్లు వచ్చి, ఫ్యాను కింద కాసేపు కూర్చుని పోయేవాళ్లు.

వస్తువును తీసుకోవడానికి సారుకు ఒక పద్ధతి ఉండేది. ఒకసారి దోమకొండ నుంచి ఒకతను కత్తి పట్టుకుని వచ్చాడు.

"గడీల కత్తి సారూ, అసలుది!"

"దీన్ని ఎన్నడు బయటికి తీస్తరు? ఎవలు ముడతరు?"

"గదంత నాకేం ఎరుక? పాతది సారూ, మస్తు పాతది."

"పాతదంటే నేను గూడ పాతోన్నే. తీస్కపో."

అలాంటి సారు దగ్గరికి ఎల్లారెడ్డి పక్క పల్లె నుంచి మదార్ సాబ్ వచ్చాడు. ఆ ఊరి పీర్లను తరాలుగా చూసుకునే ముజావర్ ఆయన. బస్సులో వస్తున్నంతసేపూ గుడ్డల మూటను ఒడిలోనే పెట్టుకున్నాడట. మా గదిలో కూడా కింద పెట్టలేదు. అందులో ఇత్తడి పీరు. మొహర్రంలో రంగుగుడ్డల దట్టీలు కట్టి, పూలు వేసి, హిందువులూ ముసల్మానులూ కలిసి భుజాన ఎత్తుకునే హస్తం.

"పీర్ల కొట్టం కూలిపాయె సారూ. కొడుకు దుబాయ్ పాయె. నాకా, భుజాలు లేస్తలెవ్వు. పాత ఇత్తడి కొనేటోడు ఇంటి సుట్టే తిరుగుతుండు. నీ కాడుంటే కరగడు," అన్నాడు.

సారు చిన్నపిల్లాడిలా అయిపోయాడు. పీరును తళతళలాడించి, నడిమి బీరువాలో ఎర్ర మఖమలు మీద నిటారుగా నిలబెట్టి, పైన బల్బు వెలిగించాడు. మొదటిసారి దారిన పోయేవాళ్లు గుమ్మంలో ఆగి లోపలికి తొంగిచూశారు. అదే సమయంలో కబురు వచ్చింది, ఆఫీసరు వస్తున్నాడని. ఆయనకు నచ్చితే గదిని సర్కారు తీసుకుంటుంది. నచ్చకపోతే, అద్దె బాకీ పడ్డందుకు ఇంటి యజమాని ఖాళీ చేయిస్తాడు. ఆ గది పోతే సారుకు మరో ఇల్లు లేదు. నాకు మరో కొలువు లేదు.

ఆఫీసరు రావడానికి ముందు రోజు మదార్ సాబ్ తన పీరును చూసుకోవడానికి వచ్చాడు. చెప్పులు వీధిలోనే విడిచి, అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఏంది సారూ, పండుగ యాడనో ఉండె. గాయినను ఇప్పుడే నిలవెడితివి?"

"అందరు చూడాలె గద, సాబ్."

"పండుగకు లేసి ఊరంత తిరిగి, మల్ల యాడాదంత పండుకుంటడు. గిట్ల పగలు రాత్రి నిలవడితే కాళ్లు గుంజవా?"

నేను కిసుక్కున నవ్వాను. సారు నవ్వలేదు. ఆయన్ను పక్కకు లాగి, "రేపొక్కనాడు నిలవెడదాం సారూ. ఆఫీసరు పోంగనె పండవెడదాం. తాతకేం తెలుస్తది?" అన్నాను.

"తెల్వదు రాజయ్యా. గందుకే వద్దంటున్న."

ఇద్దరు ముసలివాళ్లూ కలిసి పీరుకు గుడ్డలు చుట్టి, అదే బీరువాలో పడుకోబెట్టారు. బల్బు తీసేశారు.

మర్నాడు ఆఫీసరు వచ్చాడు. ఢిల్లీ నుంచి అన్నాను కదా, అది కొంచెం సాగదీశాను. నిజామాబాద్ నుంచి. జీపులో కూడా కాదు, బస్సులో. మూటను చూసి "ఇందులో ఏముంది?" అని అడిగాడు.

"పీరు పండుకున్నడు."

"ఒకసారి విప్పండి, చూసి పోతాను."

"పండుగకు రాండ్రి, అప్పుడు లేస్తడు. మన కోసం లేవడు."

ఆ మాట సారుదే. నేనప్పుడు తలుపు వెనక టీ కప్పులు పట్టుకుని, సారు మూట విప్పితే బాగుండునని మనసులో మొక్కుకుంటున్నాను. మ్యూజియం నడిపింది కూడా నేను కాదు, ఊడ్చింది నేను. ఆఫీసరు గడియారం చూసుకుని వెళ్లిపోయాడు. సర్కారు గదిని తీసుకోలేదు. సారు తన బీరువాలతో వెనక సందులోని ఇరుకు గదిలోకి మారాడు. నేను బీబీపేటలో బియ్యం మిల్లులో చేరాను.

ఇప్పుడు మనవలు హైదరాబాద్‌లో ఏ మ్యూజియానికి తీసుకుపోయినా నేను వాళ్లకు తలనొప్పే. దీపాల కింద నిలబెట్టిన ప్రతి బొమ్మనూ చూసి, ఇది ఎప్పుడు నిద్రపోయేదో, నిలబెట్టేముందు ఎవరినైనా అడిగారో లేదోనని గొణుగుతాను. సారు నాకు ఇచ్చిపోయింది ఈ గొణుగుడే. తొంభైల్లో ఆయన ఆ ఇరుకు గదిలోనే పోయాడు. ఆ చివరి ఏళ్లలో ఆ గడప తొక్కినవాళ్లు లేరు. పదిమంది ఇళ్ల వస్తువుల మధ్య, పలకరించే ఒక్క మనిషి లేకుండా పోయాడు.

ఇంతవరకు రాసి, ఎల్లారెడ్డిలో గాజుల దుకాణం పెట్టుకున్న మదార్ సాబ్ బిడ్డ ఖాజాబీకి చదివి వినిపించాను. ఆమె గాజులు సర్దడం ఆపింది.

"ఎవ్వలు రాలేదని రాసినవా అన్నా? మా అబ్బా బతికున్నన్ని దినాలు ఏటేటా పండుగకు సారు కాడికి పోయిండు. ఇద్దరు ముసలోళ్లు కలిసి పీరును లేపేది, మలీద ముద్దలు తినేది, మల్ల పండవెట్టేది. అబ్బా పోయినంక నేను పోయిన. సారు పోయేదాంక పోయిన. రాజయ్య అస్తడా అని అడిగేటోడు. రానిది నువ్వొక్కనివే."