సీను దిగింది, ఆయన దిగలేదు

ఫిల్మ్‌నగర్‌లో మాటల రచయిత అనంతపద్మనాభం గారు మేడ మీద గదిలో విండోస్ కంప్యూటర్ ముందు కూర్చుని రాస్తారు. ఆ సీన్లను కింద కోడలు వర్ణిక తన మ్యాక్‌లో సరిచేసి డైరెక్టరుకు పంపుతుంది. సీను పూర్తయినప్పుడల్లా ఆయన, జంధ్యానికి తాళంచెవిలా కట్టుకున్న పెన్‌డ్రైవు ఊగుతుండగా, కమ్మీ పట్టుకుని, మెట్టుకో డైలాగు చెప్పుకుంటూ దిగుతారు. ఆయన దిగిన మెట్లన్నీ పేరిస్తే చందమామను అందుకోవచ్చు. చివరికి మోకాళ్ళు మొరాయించాయి. "రేపటి నుంచి మీ బల్ల వంటింటి పక్కకే," అని భార్య శాంత తేల్చేసింది. కుక్కరు కూతల మధ్య హీరో చేత ప్రేమ కబుర్లు ఎలా చెప్పించాలి? తీగా పెన్‌డ్రైవూ లేకుండా ఫైలును గాలిలోనే పంపుతానని ఆయన పంతం పట్టి, వర్ణిక చేత రెండు కంప్యూటర్లలోనూ ఫైళ్ళు పంపే యాప్ వేయించారు. రాహుకాలం దాటాక కంప్యూటరుకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బటన్ నొక్కారు. ఫైలు కదల్లేదు.

"మావయ్యా, మీది ఏ వైఫైలో ఉంది?" కింది నుంచి వర్ణిక అరిచింది.

"పక్కింటి ప్రొడ్యూసరు గారిదమ్మా. క్రికెట్ కోసం పాస్‌వర్డు అడిగి పుచ్చుకున్నా."

"అయ్యో! రెండూ ఒకే వైఫైలో ఉంటేనే ఒకదానికొకటి కనిపిస్తాయి. మనింటి దాంట్లోకి రండి!"

వచ్చారు. మళ్ళీ నొక్కారు.

"వచ్చేసింది మావయ్యా! అక్షరం చెదరలేదు!"

అనంతపద్మనాభం గారు పంచె ఎగగట్టి మెట్ల పైన నిలబడ్డారు. "శాంతా! సీను దిగింది, నేను దిగలేదు. నా బల్ల ఎక్కడుండాలో ఇప్పుడు చెప్పు!"

"అక్కడే ఏడవనివ్వండి," అంది శాంత నవ్వాపుకుంటూ. బల్ల కోసం ఖాళీ చేసిన మూలకు బియ్యం బస్తాను మళ్ళీ జరిపింది.