అయ్యవారు పాడిన ఆడవాళ్ల పాట

ఎండాకాలం సాయంత్రాలు మా కోడలు వరండాలో నీళ్లు చల్లుతుంది. పొద్దంతా కాగిన నల్లటి కడప బండలు ఆ నీళ్లను చుయ్యిమని తాగేస్తాయి, వెంటనే ఒక వేడి వాసన లేస్తుంది. ఆ వాసన ముక్కుకు తగిలితే నాకు ముందు గొంతు తడారిపోతుంది, ఆ వెనకే నవ్వొస్తుంది. మా కోడలికి ఇది వింతగా ఉంటుంది. "ఏమత్తా, బండల్ని చూసి నవ్వుతాండావు?" అంటుంది. బండల్ని చూసి కాదు, వెంకోబయ్యవారు గుర్తొచ్చి అని చెబితే ఆమెకు ఆయనెవరో తెలియదు. ఆయన్ను చూసినవాళ్లు ఇప్పుడు ఎంతమంది మిగిలారో నాకూ తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన ఆదోని వైపు మనిషి. కర్నూలులో ఒక కళాశాలలో సంగీతం చెప్పేవారు. పంచె మీద నల్లకోటు, చేతిలో గొడుగు, ముక్కు మీద కోపం, ఇవి మూడూ ఆయనతోపాటే తిరిగేవి. మంచి మాట ఆయన నోటి నుంచి రావాలంటే తుంగభద్రకు వరద రావాలని మేం చాటున చెప్పుకునేవాళ్లం. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. సర్కారు ఆఫీసులే గుడారాల్లో నడిచేవి. మాకు ఆ గుడారం కూడా లేదు. సీమ నుంచి మద్రాసు పోయి సంగీతశాస్త్రంలో పై చదువు చదువుతున్న పిల్లలం కొందరం కలిసి ఒక సంఘం పెట్టుకున్నాం. సెలవులకు ఇళ్లకు వచ్చినప్పుడు ఎవరు ఏం పరిశోధిస్తున్నారో ఒకరికొకరు చెప్పుకోవడం, ఏడాదికొకసారి సభ పెట్టి పత్రాలు చదవడం దాని పని. అయ్యవారి వసారా మా ఆఫీసు, అయ్యవారే మా అధ్యక్షులు. ఆయన తప్ప ఇంకెవరూ ఆ పదవికి ఒప్పుకోలేదన్నది కూడా నిజమే.

నేను మొదటిసారి ఆ వసారా ఎక్కినప్పుడు ఆయన నన్ను పాడమంటారని వారం పాటు సాధన చేసి పోయాను. ఆయన పాడమననేలేదు. గోడకు ఆనించిన తంబురా తీసి ఒకసారి మీటి, "ఏ తీగె తప్పింది?" అన్నారు. "మూడోది అయ్యవారూ, కొంచెం దిగిండాది," అన్నాను. "కొంచెమంటే ఎంత?" శాస్త్రం మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. "కూరలో ఉప్పు ఒక పలుకు తగ్గినంత," అనేశాను. అక్కడున్న మగపిల్లలు కిసుక్కున నవ్వారు. అయ్యవారు మాత్రం తీగె సవరించి, మళ్లీ మీటి, నా వైపు చూశారు. నేను తలూపాను. "పేరేమన్నావు? ఓబుళమ్మా? రేపట్నుంచి రా. పాడేవాళ్లు శానామంది ఉండారు ఈ దేశంలో. వినేవాళ్లే తక్కువ," అన్నారు. మద్రాసులో నా పేరు వినగానే మూతి బిగబట్టి నవ్వుకునేవాళ్లు. అయ్యవారు మాత్రం అహోబిలం స్వామి పేరని తెలిసినట్టు నిండుగా పలికారు.

మా సంఘానికి ఒక నియమం ఉండేది. పాడి చూపించనిది పత్రం కాదు. ఎవరి పత్రంలో ఏ పాట, ఏ రాగం గురించి రాసినా, రాసిన మనిషే సొంత గొంతుతో దాన్ని సభలో పాడాలి. గ్రామఫోను కుదరదు, పక్కవాడి గొంతు కుదరదు. ఈ నియమం పెట్టింది అయ్యవారే. ఎప్పుడూ పాడని రాగాల మీద పుస్తకాలు చూసి పుటలకు పుటలు రాసేవాళ్లంటే ఆయనకు ఒళ్లుమంట. నేను చేరిన ఏడాది సభలో ఒకాయన బ్రహ్మాండమైన పత్రం చదివాడు. పాడమంటే జలుబన్నాడు. "సరేనప్పా, జలుబు తగ్గినాక మళ్లొచ్చే ఏడు చదువు," అని అయ్యవారు ఆయన్ను కూర్చోబెట్టేశారు. ఆయన మళ్లీ రానేలేదు. మేమంతా ఆ కథను చాలా రోజులు చెప్పుకుని నవ్వుకున్నాం. ఒకరిని చూసి నవ్వితే మన వంతూ వస్తుందంటారు. నా వంతు తొందరగానే వచ్చింది.

నా పత్రం మా ఊరి పాటల మీద. మాది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. చలికాలంలో అహోబిలం స్వామి పల్లకీ ఎక్కి పారువేటకు, అంటే వేట ఉత్సవానికి, బయలుదేరి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతాడు. చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి మా ఆడవాళ్లకు ఆయన కొత్తల్లుడే. పల్లకీ ఊళ్లోకి రాగానే హారతి పళ్లెం చేతిలో ఉండగానే ఎగతాళి పాటలు అందుకునేవాళ్లు. అందులో మా అవ్వది పెద్ద గొంతు. ఆ పాటలు ఏ రాగంలోనూ ఇమడవు. పాదం చివర స్వరం ఒకచోట నిలిచి, కొంచెం వెక్కిరింతగా సగానికి జారి అక్కడే ఆగిపోతుంది. ఆ జారుడు పల్లకీ మోసే బోయీల అడుగును బట్టి పుట్టిందని నేను రాశాను. ఇలాంటిదాన్ని సంగీతమని ఒక సభలో ఒప్పించడమే కష్టం. అయినా పాడి వినిపిస్తే ఒప్పుకుంటారని నా ధైర్యం.

ఆ ఏడు కడపలో పెట్టే సభకు కొన్ని నెలల ముందు నా గొంతులో గడ్డ లేచింది. మద్రాసులో ఆపరేషన్ చేశారు. ప్రాణానికి భయం లేదన్నారు, లేకపోయింది. కానీ కట్లు విప్పిన తర్వాత పైస్థాయి రాలేదు, కింది స్థాయి నిలవలేదు. గుసగుసకు కొంచెం ఎక్కువగా మాట్లాడగలను, అంతే. ఇంటికి వస్తే అవ్వ నన్ను చూసి ఏడ్చింది. నాన్న సేద్యగాడు, ఉన్నది ఉన్నట్టు మాట్లాడే మనిషి. "పాట లేనిదానికి పాటల చదువెందుకమ్మా? ఆ కడప సభకు పోయిరా. ఆడ వాళ్లు కాదంటే సామాను తీసుకొని ఇంటికొచ్చెయ్. ఔనంటే నేనేం అడ్డం రాను," అన్నాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. నాకే మనసులో, ఇక సంగీతం అనే మాట ఎత్తే హక్కు నాకు లేదని అనిపించేది.

సంఘం మానేస్తున్నానని చెప్పడానికి కర్నూలు పోయాను. అయ్యవారు ఆకులకు సున్నం రాస్తూ విన్నారు. నా గొంతు అలా గరగరమంటుంటే నాకే అసహ్యమేసింది. ఆయన ఓదార్పు మాట ఒక్కటి కూడా అనలేదు. "చెవులు బాగుండాయా?" అన్నారు.

"బాగుండాయి."

"అయితే కడపకు రా."

"నియమం ఉండాది కదా అయ్యవారూ."

"ఉండాది. పోతాదా యాడికన్నా?" అని ఆకులు నోట్లో పెట్టుకున్నారు. ఇక మాటల్లేవన్నట్టు. నేను తిరిగొస్తూ దారి పొడుగునా ఆయన్ను మనసులో తిట్టుకున్నాను. జలుబాయన్ను కూర్చోబెట్టినట్టే నన్నూ కూర్చోబెడతారు, అది చూడటానికే పిలుస్తున్నారు అనుకున్నాను.

ఆ ఏడు సభ కడపలో, ఒక బడి హాలులో పెట్టారు. మంచి ఎండలు. హాలు నేలంతా నల్ల బండలు, చల్లబరచడానికి కడవలతో నీళ్లు పోశారు. ఆ వాసన మధ్య జంబుఖానా మీద కూర్చుని నా వంతు కోసం ఎదురుచూశాను. మద్రాసు నుంచి పెద్దలు కొందరు వచ్చి ముందు వరసలో విసనకర్రలతో కూర్చున్నారు. మా కార్యదర్శి ఖాదర్ కర్నూలు కుర్రాడు, నాతో చదివేవాడు. నియమాలంటే వాడికి అయ్యవారికన్నా పట్టింపు. వాడే నా దగ్గరకొచ్చి, "నీకు బదులు నేను పాడేదా ఓబుళమ్మా? ఎవరన్నా ఏమన్నా అంటే నేను చూసుకుంటా," అన్నాడు. వాడంత మాట అన్నందుకే నా కళ్లు నిండాయి. వద్దన్నాను.

పత్రం చదివాను. హాలు చిన్నది కాబట్టి వినబడింది. చదవడం అయ్యాక అందరూ అలవాటుగా పాట కోసం చూశారు. ఖాదర్ లేచి వేదిక వైపు తిరిగి, "అయ్యవారూ, ఈమెకు ఆపరేషన్ అయింది. నియమం ఈ ఒక్కసారికి..." అని నసిగాడు.

"నియమం పెట్టింది నేను. ఒక్కసారికి కూడా మారదు," అన్నారు అయ్యవారు. తర్వాత కుర్చీలోంచి లేచారు. కోటు విప్పి కుర్చీకి తగిలించి, వేదిక దిగి, నాకు ఎదురుగా బండ మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. "పాట ఆమెదే. ఆమే పాడతాది. గొంతు మాత్రం నాది వాడుకుంటాది. చెప్పమ్మా, ఎట్ల పాడల్ల?"

నేను చేతిలోని కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాను. ఆయన కసిరారు, "చెప్పు మల్ల. ఎండకు కూచోనుండారు అందరూ." నేను గరగరమనే గొంతుతో పాదం చెప్పాను.

"కొండ దిగి వచ్చినావు కొత్తల్లుడా, కోరమీసం దువ్వకుండ కూర్చోలేవా."

అయ్యవారు అందుకున్నారు. ఎంత బాగా పాడారో చెప్పలేను. మీసం దగ్గర ఒక గమకం, అల్లుడి దగ్గర ఇంకొకటి, పాదం చివర స్వరాన్ని నిండుగా సాగదీసిన కార్వై. ముందు వరస పెద్దలు "భేష్" అన్నారు. కానీ అది మా పాట కాదు. మా అవ్వ విని ఉంటే పల్లకీ దారి తప్పి ఏ జమీందారు ఇంటికో పోయిందనుకునేది. నేను ఊరుకుంటే అందరూ చప్పట్లు కొడతారు, నా పత్రం గట్టెక్కుతుంది. నేను రాసిన మాటలు మాత్రం అబద్ధాలవుతాయి. మరి తండ్రి వయసు మనిషిని, గురువును, అంతమంది ముందు ఆపడమెట్లా? మా ఇళ్లలో ఆడపిల్లలు పెద్దల మాటకు ఎదురు చెప్పడమే నేర్చుకోలేదు. అయ్యవారు నా ముఖంలోకే చూస్తున్నారు. ఆ చూపు నాకు తెలుసు. తంబురా మీటి నేను తలూపేదాకా ఆగినప్పటి చూపు అది.

"కాదు అయ్యవారూ," అన్నాను.

విసనకర్రలు ఆగిపోయాయి. అయ్యవారు మళ్లీ పాడారు. ఈసారి గమకాలు తగ్గాయి, చివర జారుడు మాత్రం ఒకటే పరుగున కిందికి పోయింది. "కాదు. అంతదూరం పోకూడదు. సగంలో ఆగల్ల," అన్నాను. మళ్లీ పాడారు. "కాదు. మీరు దేవుణ్ని తలుచుకుంటాండారు. అల్లుణ్ని చూడండి. కొత్తగా వచ్చి గొప్పలు పోతాండే అల్లుణ్ని," అన్నాను. నా గొంతెలా ఉందో అప్పటికి నేను మరిచిపోయాను. చేత్తో నేల మీద బోయీల అడుగు వేశాను. హాలులో ఎవరో ఆ అడుగు అందుకున్నారు, తర్వాత చాలామంది అందుకున్నారు. అయ్యవారు తల కొంచెం పక్కకు వంచి, ఒక చేయి నడుము మీద పెట్టుకుని, "కూర్చోలేవా" అంటూ స్వరం నిలిపి, జార్చి, సగంలో వదిలేశారు. అచ్చం మా అవ్వ. ఆ కోపిష్టి మనిషి నోట ఆ వెక్కిరింత వినేసరికి హాలంతా ఘొల్లుమంది. అయ్యవారికీ నవ్వు ఆగలేదు. ఆయన నవ్వగా చూడటం మాకందరికీ అదే మొదలు.

నవ్వు తగ్గాక ఆయన పెద్దల వైపు తిరిగి అన్నారు. "ఈ నియమం ఎందుకు పెట్టినామంటే, రాసినోళ్లకు పాట తెలుసునా లేదా చూసేదానికి. ఇప్పుడు తెల్సిందా లేదా?" ఖాదర్ గట్టిగా గంట కొట్టి తర్వాతి పేరు పిలిచాడు. నా వంతు అయిపోయిందని నాకు అప్పుడు తెలిసింది. నిండు కడవ నెత్తిన పెట్టుకుని చాలా దూరం నడిచినవాళ్లకు దించాక మెడ ఎంత తేలికవుతుందో అంత తేలికైంది నా ప్రాణం. బయటికి పోయి గోడ నీడన నిలబడి ఏడ్చాను. అది దుఃఖపు ఏడుపు కాదు. కరువుతీరా ఏడ్చి, వచ్చి మజ్జిగ తాగాను.

తిరుగు ప్రయాణంలో రైల్లో అయ్యవారు నాకు ఎదురుగా కూర్చున్నారు. ఎర్రగుంట్ల దాటాక ధైర్యం చేసి అడిగాను. "అయ్యవారూ, మీరు కావాలనే తప్పు పాడినారా?"

ఆయన కిటికీలోంచి శనగ చేలు కోసేసిన నల్లరేగడి వైపు చూశారు. "మొదటిసారి కావాలనే పాడినా. నువ్వు నోరు తెరుస్తావో లేదో చూద్దామని."

"తర్వాత?"

"తర్వాత నిజంగానే రాలేదమ్మా. శానా కష్టమైన పాట అది," అన్నారు.

ఇంటికి పోగానే నాన్న నా ముఖం చూశాడు. "అయితే మద్రాసు రైలుకు టికెట్టు తీయమంటావా?" అన్నాడు. అవ్వకు అయ్యవారి పాట సంగతి చెబితే, "పాపం, బ్రాహ్మణుడు, ఎంత తిప్పలు పెట్టినావే," అని నవ్వి నవ్వి దగ్గింది.

తర్వాత నేను జీవితంలో ఎప్పుడూ పాడలేదు. అయినా చాలా ఏళ్లు సంగీతం చెప్పాను, ఇప్పటికీ కొందరు మా వరండాకు వస్తారు. వచ్చినవాళ్లను మొదటిరోజు పాడమనను. తంబురాలో మూడో తీగె కొంచెం దించి పెట్టి, శ్రుతి బాగుంది కదా అంటాను. చాలామంది బాగుందంటారు. పెద్దదాన్ని, టీచరమ్మను, ఎందుకులే అనుకుంటారు. నేను తొందరపడను. ఒక నెల పట్టినా ఎదురుచూస్తాను.

నిన్న కోడలు నీళ్లు చల్లి లోపలికి పోయాక ఆత్మకూరు నుంచి కొత్తగా వచ్చే పిల్ల బండల మీద కూర్చుంది. మాట గట్టిగా రాని పిల్ల. తంబురా మీటి, శ్రుతి బాగుంది కదా అన్నాను. అది తల దించుకుంది. చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. నేను కదలకుండా దాని ముఖంలోకే చూస్తూ కూర్చున్నాను.

"కాదేమో టీచర్," అంది చివరికి. "మూడోది దిగిండాది."

అయ్యవారూ, ఇంకొకతె దొరికింది.