మంచు మీద ఆగడం

కొండల్ని నిలబెట్టిన సింహాద్రి అప్పన్నకు ముందుగా దండం. ఈ ఊపిరి ఆయన ఉంచినదే. నా మాట ఆ తర్వాతే.

జనవరిలో సైన్యం వాళ్ల మంచుకొండల శిక్షణ శిబిరానికి చేరాం. మధ్యాహ్నం మూడింటికే కొండ నీడ గుడారాలను కప్పేసింది. సీసాలో నీళ్లు గడ్డకట్టాయి. టాటానగర్ పక్క బిర్సానగర్‌లో పెరిగినవాణ్ణి, మంచు తొక్కడం అదే మొదలు. రెండు జతల మేజోళ్లు, బూట్ల కింద ఇనుప ముళ్లు, చేతిలో మంచుగొడ్డలి. నాలుగడుగులకే ఆయాసం.

మొదటి పాఠం జారడం. వాలు మీద కావాలని జారాలి. బోర్లా తిరిగి, గొడ్డలి మొన మంచులో దించి, ఒంటి బరువంతా దాని మీద వేసి ఆగాలి. పైకి వెళ్లేటప్పుడు ఇద్దరికి ఒకే తాడు. ఒకడు ఆగలేకపోతే ఇద్దరూ పోతారు. నా జోడీ శ్రీకాకుళం కుర్రాడు, వైర్‌లెస్ ఆపరేటర్.

జారాను. "అప్పన్నా" అంటూ రెండు చేతులూ ఎత్తేశాను. గొడ్డలి ఎటో పోయింది. కింద మంచు గట్టుకు కొట్టుకుని ఆగాను. రెండు చేతులూ వదిలితేనే స్వామి పట్టుకుంటాడని మా భజన మందిరంలో చిన్నప్పటి నుంచి విన్నాను. మళ్లీ జారాను. మళ్లీ చేతులు లేచాయి.

"ఏటి బావా, దండాలెట్టడానికొచ్చినావేటి? ఆ తాడుకి నాను గూడా ఉంతాను."

శిక్షణ ఇచ్చే ఉస్తాద్ నవ్వలేదు. "భగవాన్‌ని నోటితో పిలువు. చేతులు గొడ్డలి మీద ఉంచు," అన్నాడు హిందీలో.

చీకటి పడేదాకా జారాను. మోచేతులు దోక్కుపోయాయి. ఆ చేతులు ఇచ్చింది కూడా ఆయనే కదా అనుకున్నాను. అంతకు మించి ఆలోచించే ఓపిక లేదు.

ఫిబ్రవరిలో పైనున్న కాపలా పోస్టుకు ఎక్కాం. ముందు నేను, వెనక అతను. సెట్‌లో మాట్లాడటానికి అతను కుడిచేతి తొడుగు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"మలుపు దాటాం. ఓవర్."

అంతలోనే జారాడు. తాడు నన్ను లాగేసింది. బోర్లా పడ్డాను. గొడ్డలి దిగింది. ఆగాం. నోటినిండా స్వామి పేరు, మంచు.

"ఉన్నావా?"

"ఉన్నాను. ఒగ్గీకు బావా, నన్నొదిలీకు."

వెనక జోడీ వచ్చేదాకా అతను ఉత్త చేత్తో తాడు పట్టుకుని వేలాడాడు. ప్రాణం దక్కింది. ఆ చేతికి మంచు కొరికిన రెండు వేళ్లు తీసేశారు.

పోస్టు కాలం ముగిశాక టాటానగర్‌లో రైలు దిగాను. అమ్మ అన్నం పెడుతూ అడిగింది. "అంత దూరమెల్లి ఏటి నేర్సుకున్నావురా?"

"జారితే ఆగడమమ్మా."

"దానికి ఇన్నాళ్లేటి?"

ఇప్పటికీ కళ్లు మూస్తే ఒకటే కనిపిస్తుంది. అతని తొడుగు వాలు మీద దానంతటదే జారిపోతోంది. లోపల ఇంకా చెయ్యి ఉన్నట్టే వేళ్లు ఉబ్బి ఉన్నాయి. అది ఎక్కడా ఆగలేదు.

అతని పేరు రాయను, స్వామికి తెలుసు. ఇది చదివినవారు నాతోపాటు ఒక్కసారి అనండి: అప్పన్నా, అతన్ని ఒగ్గీకు.