సారు దిగిన కప్పు

ఆ రోజుల్లో బెల్‌బాటం ప్యాంటు తొడుక్కున్న ప్రతి కుర్రవాడికీ లోకం పని మానుకుని తననే చూస్తోందన్న గట్టి నమ్మకం ఉండేది. నాకు ఆ నమ్మకంతోపాటు సర్కారు కొలువు కూడా వచ్చిపడింది. డెబ్బైలు అయిపోవస్తున్న కాలం. వానలకు పాడైన పేదల ఇళ్లకు మరమ్మతు సాయం ఇచ్చే కార్యాలయం ఒకటి వరంగల్లులో ఉండేది. ఊళ్లకు పోయి, ఇల్లు నిజంగా పాడైందో లేదో చూసి రావడం నా పని. దానికి ఒక కొలత టేపూ ఒక టార్చిలైటూ ఇచ్చారు. చేతిలో టేపు ఉంటే చాలు, తాతల వయసువాళ్లు కూడా "సారూ" అని లేచి నిలబడతారని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు (సంతోషంతోనే). ఇల్లు కట్టడం గురించి నాకు తెలిసిందల్లా, దానికి తలుపు ఉంటుందని.

మా పైఅధికారిని అందరం రూల్స్ సారు అనేవాళ్లం. అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో. నవ్వితే ఏ రూలు తప్పుతుందో అన్నట్టు మూతి బిగించుకుని ఉండేవాడు. చేరిన రోజే నన్ను ఎదురుగా నిలబెట్టి పాఠం చెప్పాడు. "ఇను. పాడైంది మన కండ్లతోని మనం సూడాలె. వాళ్లు చెప్పిండ్రు, వీళ్లు చెప్పిండ్రు అంటె నడవది. మనం సూడకముందే రిపేరు షురూ చేసినోళ్లకు సాయం లేదు. ఇగ ఆఖరుది, వానకో, గాలికో, చెదకో పాడైతేనే లెక్క. మనుషులు పాడుచేస్తె మనకు సంబంధం లేదు. సమజైందా?" సమజైందన్నాను. ఇంత చిన్న సంగతికి సమజు కాకపోవడానికేముంది అనుకున్నాను కూడా.

నెక్కొండ స్టేషన్లో ప్యాసింజరు బండి దిగి, అద్దె సైకిలు తొక్కుకుంటూ నేను చూడబోయిన మొదటి ఇల్లు ఒక అవ్వది. కొడుకూ కోడలూ పనికోసం దూరం పోతే, ఇద్దరు మనవరాళ్లను పెట్టుకుని ఉండేది. మట్టి గోడలు, గూన పెంకుల కప్పు. వాన కురిసిన రాత్రి పిల్లలిద్దరినీ మంచం కింద పండబెట్టి, మంచం మీద తాను గొడుగు పట్టుకుని కూర్చునేదట. ఊరికి ఆ ఏడాది అదే ఆఖరి తనిఖీ. ఇప్పుడు సాయం రాకపోతే వచ్చే వానాకాలం కూడా ఆ పిల్లలకు మంచం కిందే పడక. ఇదంతా దారిలోనే నాకు చెప్పింది అవ్వ పక్కింటామె. ఆ వాడలో ఆమెను రేడియో చిన్నమ్మ అంటారు (రేడియోకైనా రాత్రిపూట విశ్రాంతి ఉంటుంది).

ఇల్లు చూసి సైకిలు మీది నుంచి పడబోయాను. పెళ్లివారి ఇల్లు కూడా అంత ముస్తాబుగా ఉండదు. గోడలు ఎర్రమట్టితో నున్నగా అలికి ఉన్నాయి. మీద సున్నం, అంచుకు ఎర్రని జాజు పట్టీ. వాకిలంతా ముగ్గు, గుమ్మానికి మామిడాకుల తోరణం. అవ్వ ఉతికిన చీర కట్టుకుని చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడింది. నేను ఆ నీళ్లు చూడనే లేదు, టార్చిలైటు వేసి గోడలన్నీ వెతికాను. పగులు కాదు కదా, గోరుతో గీసిన గీత కూడా లేదు.

"ఏది అవ్వా, పగిలిన గోడ?"

"పగిలిన గోడనా? సారొస్తాండంటె పగిలిన గోడ సూపిస్తరా బిడ్డా ఎవలన్న? మొఖం కడుక్కోకుండ పెండ్లిసూపులల్ల కూసున్నట్టుండదా!"

"నిన్న పొద్దుగాల్ల సంది వాడకట్టంత గీ గోడలకే అంటుకున్నం సారూ," అంది రేడియో చిన్నమ్మ గర్వంగా. "గీడ నా చెయ్యి వట్టేటంత సందుండె. పుట్టమన్ను గొట్టి గొట్టి నింపినం. ఇప్పుడు నీ తాతొచ్చినా దొరకవట్టడు."

నా తాతకే దొరకనిది నాకెలా దొరుకుతుంది? కళ్లతో చూడలేదు కాబట్టి పాడైనట్టు కాదు. పాడైందని ఒప్పుకుంటే, పగులు నింపారు కాబట్టి రిపేరు మొదలైనట్టు. ఎటు తిరిగినా అవ్వకు సాయం పోయినట్టే. ఆ అలుకు జర గీకి చూస్తానని టేపు కొస గోడకు ఆనించానో లేదో, అవ్వ అడ్డం వచ్చి నిలబడింది. "నన్ను గీకు బిడ్డా. గోడను ముట్టకు." వెనక గుమికూడిన ఆడవాళ్లంతా అవునన్నారు. అంత కష్టపడి అలికింది వాళ్లు మరి.

అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. గోడలు అలికారు సరే, కప్పును అలకలేరు కదా! నిచ్చెన తెప్పించాను. "వద్దు సారూ, పిల్లి నడిస్తెనే ఇంట్ల మన్ను రాలుతాంది," అని రేడియో చిన్నమ్మ మొత్తుకుంది. పిల్లికి ఉద్యోగం లేదు, నాకుంది అన్నంత ధీమాతో పెంకుల మీద కాలు పెట్టాను. రెండో కాలు కూడా పెట్టాను. ఆ తరవాత కాళ్లు రెండూ నా అధీనంలో లేవు. ఫెళఫెళమని చప్పుడై, కప్పులోంచి నడుముదాకా దిగిపోయి ఇరుక్కున్నాను. పైన టేపు పట్టుకున్న ఆఫీసరు, కింద ఇంటి మధ్యలో గాలికి ఊగుతున్న బెల్‌బాటం. వాడకట్టంతా నిమిషం పాటు నోరు తెరిచింది, తరవాత మూయలేక నవ్వింది.

కిందనుంచి అవ్వ గొంతు వినబడింది. "అయ్యో బిడ్డా, కాళ్లు కడగనీకి నీళ్లు పట్టుకోని నిల్సుంటి గదా. జర ఆగకపోతివి!" ఇంట్లోకి వచ్చిన కాళ్లు ఎటునుంచి వస్తేనేం, కడగాల్సిందే. ఆమె బల్ల ఎక్కి నా చెప్పులు విప్పేసి, చెంబుడు నీళ్లు కాళ్ల మీద పోసింది. గిలిగింతకు నేను మెలికలు తిరిగినకొద్దీ మరిన్ని పెంకులు జారాయి. చివరికి పైనుంచి కొందరు, కిందనుంచి కొందరు లాగి (రెండు జట్లూ ఒకేసారి లాగడం వల్ల ఆలస్యమైంది) నన్ను బయటపడేశారు. ప్యాంటు మాత్రం రెండు వైపులకూ న్యాయం చేసింది.

కార్యాలయంలో జరిగింది జరిగినట్టు చెప్పాను. రూల్స్ సారు కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"కప్పుకు బొంద పడ్డది, మంచిది. ఎందుకు పడ్డది?"

"నా వల్ల సార్."

"నువ్వు దేంట్ల లెక్కకొస్తవయ్యా? వానవా? గాలివా? చెదవా?"

ఆయనే వచ్చి చూస్తానన్నాడు. నేను ముందురోజే ఊరికి పరుగెత్తి అవ్వ చేతులు పట్టుకున్నాను. "అవ్వా, పెద్ద సారు వస్తాండు. నీకు దండం పెడ్త. అలుకద్దు, సున్నమెయ్యద్దు, ముగ్గు సుత వద్దు. ఇల్లు ఎట్లున్నదో అట్లనే ఉండనియ్యి."

"గట్లనే బిడ్డా, ఫికర్ చెయ్యకు. గోడ ముట్టుకుంటె నీ మీద ఒట్టు."

ఒట్టు నిలబెట్టుకుంది. గోడ ముట్టుకోలేదు. కానీ పెద్ద సారు నెత్తిమీద బొంద కనబడితే ఎంత అవమానం! పెట్టెలో దాచుకున్న పట్టు అంచు చీర తీసి, దూలానికీ దూలానికీ మధ్య పెళ్లి పందిరిలో చాందినీ కట్టినట్టు బిగించి కట్టింది. సరిగ్గా దాని కిందే మంచం వాల్చింది. రూల్స్ సారు కూర్చుని, పైకి చూసి, "మంచిగనే ఉన్నది గదనయ్యా," అన్నాడు. నా గుండె జారి ఆ మంచం కిందికే పోయింది.

అవ్వ చాయ్ తెచ్చింది. అప్పుడే బయట జోరున వాన అందుకుంది. సారు గ్లాసు పట్టుకుని నాకు రూల్స్ మళ్లీ మొదటినుంచి చెబుతున్నాడు. ఆయన నెత్తిమీద చీర నీళ్లతో బరువెక్కి మెల్లగా కిందికి దిగుతోంది. "సార్, జర..." అన్నాను. "మధ్యల మాట్లాడకు," అన్నాడు. "సార్, పైన..." "పైవాళ్లతోని నేను మాట్లాడుకుంట!" అన్నాడు. చీర తెగింది. నీళ్లు, మన్ను, పెంకు ముక్కలు, ఒక బల్లి, అన్నీ కలిసి ఒక్కసారిగా రూల్స్ సారు మీదికి దిగాయి. సగం తాగిన గ్లాసు మళ్లీ నిండుగా ఉంది.

"అయ్యో సారూ, చాయ్‌ల నీళ్లు గలిసినయి. ఇంకో గిలాస పోస్త," అంది అవ్వ.

సారు ముఖం తుడుచుకుని లేచాడు. తలెత్తి చూశాడు. చెయ్యి చాచి, విరిగి వేలాడుతున్న వాసం కొస పట్టుకున్నాడు. అది పిండిలా పొడిపొడిగా రాలింది. లోపలంతా చెద. ఇంకో వాసం పట్టుకుంటే అదీ అంతే. "నువ్వు పడ్డందుకు ఇరగలేదయ్యా," అన్నాడు నాతో. "ఇరగనీకి తయారుగ ఉన్నది, మీద నువ్వు పడ్డవు. రాసుకో, నేను నా కండ్లతోని సూసిన." కళ్లతో ఏమిటి, ఒళ్లంతా చూశాడు. నేను భయపడుతూనే అడిగాను, గోడలకు అలుకు, సున్నం వేశారు కదా, అది రిపేరు షురూ చేసినట్టు కాదా అని. (కుర్రతనం అంటే అదే. గెలిచిన కేసును మళ్లీ తిరగదోడడం.) రూల్స్ సారు అవ్వవైపు చూశాడు. ఆమె తడిసిన చీర పిండుతూ, ఇంకో చాయ్‌కి పొయ్యి ఊదుతోంది. "అది రిపేరు కాదు, మర్యాద," అన్నాడు. "మర్యాదకు మన దగ్గర రూల్ లేదు." ఆయన నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మరమ్మతు పూర్తయ్యాక చూసి రమ్మంటే మళ్లీ వెళ్లాను. ఈసారి గుమ్మం దగ్గర ఆగి, చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కున్నాను. కొత్త వాసాలు, వరుసగా పేర్చిన పెంకులు. నేను దిగబడ్డ చోట మాత్రం ఒక గాజు పెంకు ఉంది. కేసముద్రం మార్కెట్టుకు పోయినవాళ్లతో అవ్వ తెప్పించి పెట్టించిందట. దానిలోంచి ఎండ నేలమీద పలకంత పడుతోంది. ఆ వెలుతురులో మనవరాళ్లిద్దరూ బోర్లా పడుకుని చింతగింజలు ఆడుకుంటున్నారు.

"ఇంట్ల ఎన్నడు ఎలుగు లేకుండె బిడ్డా," అంది అవ్వ. "నువ్వు దిగినంక ఎండ లోపటికొచ్చింది. గా బొంద మాత్రం మూయబుద్ధి గాలే."

మొన్న మా హనుమకొండ ఇంటి మరమ్మతుకు అప్పు అడిగితే, ఇల్లు చూడడానికి ఒక అమ్మాయి వచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది, చేతిలో టేపు, నడకలో ధీమా. "అంకుల్, లీకేజీ ఎక్కడ?" అని గోడలన్నీ వెతుకుతోంది. ఎలా కనబడుతుంది? ముందురోజే నేను స్టూలెక్కి చెమ్మ మరకల మీద రంగు వేసి, మిగిలినచోట క్యాలెండరు తగిలించాను. మా ఆవిడ నన్ను చూసిన చూపు చెప్పను. ఆ పిల్ల మేడ మీదికి మెట్లు ఎక్కబోతుంటే, కాలు దిగబడని సిమెంటు స్లాబే అయినా, అడ్డం వెళ్లి నిలబడ్డాను. "పైకి తరవాత పోదువులే బిడ్డా," అన్నాను. "ముందు కాళ్లు కడుక్కో. చాయ్ తాగు." ఆమె వింతగా చూసి నవ్వింది. నాకు మాత్రం కప్పులోంచి వేలాడుతున్న ఆ బెల్‌బాటం కుర్రాడు కనబడ్డాడు. వాడిని పైకి లాగబుద్ధి కాలేదు. కాసేపు అలాగే ఊగనిచ్చాను.