రాహుకాలంలో కాంక్రీటు

ఆ రోజుల్లో లోకంలో నాకు తెలియనిది లేదని నా గట్టి నమ్మకం. దక్షిణాఫ్రికాలో కొత్త ప్రభుత్వం వచ్చిన తొలి సంవత్సరాలు. ఆంధ్ర నుంచి వచ్చి ఉమ్‌హ్లాలి దగ్గర ఒక చిన్న పురపాలక సంఘంలో ఇంజినీరుగా చేరాను. వీధి పనులు బయటి కంట్రాక్టర్లకు కాకుండా అక్కడి జనానికే ఇచ్చే పద్ధతి అప్పుడే మొదలైంది. ఏటవాలు సందులో వానకాలువ కట్టే పని పన్నెండుమంది ఆడవాళ్ల సంఘానికి దక్కింది. మా పెద్దసారు చూసి బాగుందంటే పై సందు పని కూడా వాళ్లదే. లేదంటే మళ్లీ పాత కంట్రాక్టరే. సంఘం నాయకురాలిని అందరూ గోగో, అంటే నాయనమ్మ, అని పిలిచేవారు. నేనూ అలాగే పిలిచేవాణ్ణి, కాకపోతే కాస్త అధికారంగా.

కాంక్రీటు పోసే శుక్రవారం నేను తీరిగ్గా పదిన్నరకు వెళ్లాను. అప్పటికే వాళ్లు కంకర, ఇసుక, సిమెంటు నీళ్లతో కలిపి గుట్ట చేసి, పారలతో సిద్ధంగా ఉన్నారు. చటుక్కున గడియారం చూసుకున్నాను. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం! (అమ్మ రాసిచ్చిన కాగితం జేబులోనే ఉంది. ఇక్కడ సూర్యుడు వేరే వేళకు లేస్తాడన్న సంగతి ఈ ఇంజినీరు బుర్రకు తట్టలేదు.) నా ఉద్యోగంలో మొదటి కాంక్రీటు రాహుకాలంలోనా? "ఆగండి, ఇది చెడ్డవేళ, పన్నెండు దాటాక పోద్దాం" అన్నాను. వాళ్లకు పని నేర్పే మేస్త్రి తాత, ఎప్పుడో వచ్చిన తెలుగు కూలీల మనవడు, బాప్టిస్టు క్రైస్తవుడు. తనకు మిగిలిన నాలుగు తెలుగు ముక్కలూ నా మీదే ఖర్చుపెట్టాడు: "యెదవ పని అబ్బాయ్! సిమెంటు వెయిట్ చెయ్యదు. ఎండ చూడు, మ్యాన్!" నేను వింటేగా!

పన్నెండయ్యేసరికి గుట్ట బిగుసుకుపోయింది. నీళ్లు కొట్టమన్నాను. (చెయ్యకూడదని కాలేజీలో మొట్టమొదట నేర్పింది అదే.) సరిగ్గా అప్పుడే పెద్దసారు కారు దిగాడు. గుట్టను బూటుతో తన్ని చూసి, "ఈ ఆడవాళ్లకు చేతకాదని నేను ముందే అన్నాను" అన్నాడు. నిజం చెప్పాల్సింది నేను. ఉద్యోగం పోతుందని భయం, రాహువు గురించి ఇంగ్లీషులో చెప్పాలంటే సిగ్గు. గోగో నా వంక చూసింది. "హావ్, సార్! ఈ అబ్బాయికి ఇది చెడ్డవేళంట. వణికిపోతున్నాడు. పిల్లాడు కదా, పోనీలే అని ఆగాం" అంది. ఆ గొంతులో కోపమైనా లేదు. అందుకే నాకు ఏడుపొచ్చినంత పనయింది. "తప్పు నాది సార్. వద్దన్నా వినలేదు" అన్నాను.

పెద్దసారు నన్ను ఇంగ్లీషులో ఉతికి ఆరేసి, సోమవారం దాకా గడువిచ్చాడు. శనివారమంతా ఆ గుట్టను సుత్తితో పగలగొట్టింది నేనే. సోమవారం ఏడున్నరకు మళ్లీ కాంక్రీటు కలిపారు. అమ్మ కాగితం ప్రకారం అప్పుడూ రాహుకాలమే. కిక్కురుమనకుండా పార పట్టుకున్నాను. కాలువ దివ్యంగా కుదిరింది.

పై సందు ఒప్పందం నేనే టైపు చేశాను. గోగో పక్కన కూర్చుని ఒక షరతు చేర్పించింది: పని ఏ వేళకు మొదలుపెట్టాలో సంఘమే నిర్ణయిస్తుంది. ఇన్నేళ్లయినా నేను రాసే ప్రతి ఒప్పందంలోనూ ఆ షరతు ఉంటుంది. ఇదెందుకు సార్ అని కొత్తగా చేరిన ఇంజినీర్లు అడుగుతుంటారు. నాలాంటివాడు ఎవడైనా వస్తాడేమోనని, అంటాను.